414 ఇంజనుకి రెండో పక్క

"ఇది నీలం కాదోయ్, ఎరుపు," అన్నాడు మిల్ఫర్డ్ ఉన్రూ.

ఆ మాట అన్నప్పుడు నేలమాళిగలో పదిహేను మంది దాకా ఉన్నారు. మార్చి రెండో శనివారం. న్యూటన్ ఊళ్ళో రైలు నమూనాలు చేసేవాళ్ళ సంఘం ఏడాదికొకసారి ఊరందరికీ తలుపులు తెరిచే రోజు. పాత దాణా కొట్టు కింద గది పొడవునా బల్లలు వేసి, వాటి మీద కాన్సస్ పొలాలూ గోధుమ గాదెలూ పట్టాలూ అసలులో ఎనభై ఏడో వంతుకి కుదించి కట్టుకున్నారు ఆ సంఘంలోని ఏడుగురూ. బల్లల మీద ఎప్పుడూ ఒకటే కాలం, 1978 గోధుమ కోతలు. బయట మంచు పడుతున్నా అక్కడ జూన్ నెలే.

"ఎరుపేమిటన్నా?" అన్నాడు ఎల్రాయ్ రీగియర్. ఆ ఇంజను చేసింది అతనే. ముప్ఫై నాలుగేళ్ళు బడి బాయిలరూ కిటికీలూ చూసుకుని రిటైరైన మనిషి. నాలుగు నెలలు కూర్చుని దానికి రంగు వేశాడు.

"414 కదూ ఇది? ఆ కోతల్లో పదకొండు వారాలు నేనే నడిపాను. నా కిటికీ కింద ఎరుపు. ఇటుక మీద దుమ్ము పడితే ఉంటుందే, అలాంటి ఎరుపు."

"పెద్దాయనా, మీరు పొరపాటున పక్క కంపెనీ వాళ్ళ ఇంజను ఎక్కేసుంటారు," అన్నాడు డ్వేన్ పాంక్రాట్జ్, సంఘంలో అందరికంటే చిన్నవాడు, నోరు మాత్రం అందరికంటే పెద్దది. "అందుకే ఆ ఏడు మా నాన్న గోధుమలు అంత ఆలస్యంగా కదిలాయి!"

అందరూ నవ్వారు. మిల్ఫర్డ్ కూడా నవ్వాడు. అక్కడితో వదిలేసి ఉంటే బాగుండేది. కానీ ఎల్రాయ్ అల్మరా దగ్గరికెళ్ళి ఆల్బం తెచ్చాడు.

రైల్వే సొంత ఇంజన్లకి రంగు కనుక్కోవడం పెద్ద కష్టం కాదు. అన్నీ ఒకేలా ఉంటాయి, పుస్తకాలున్నాయి. తిప్పలన్నీ అద్దె ఇంజన్లతోనే. ఆ ఏడు గోధుమ ఒక్కసారిగా పండి మీద పడింది. ఉన్న ఇంజన్లు చాలక రైల్వేవాళ్ళు కొన్నిటిని అద్దెకు తెచ్చుకున్నారు. అద్దెకిచ్చే కంపెనీ పాత ఇంజన్లని నాలుగు దిక్కుల నుంచీ కొని, పాత పేరు మీద ఓ పూత పూసి, నంబరు రాసి పంపేసేది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. కాగితాలూ లేవు. అందుకే సంఘంలో ఒక కట్టడి ఉంది: ఫోటో లేనిదే రంగు వెయ్యకూడదు. ఆ కట్టడి పెట్టించింది ఎల్రాయే.

414కి నాలుగు ఫోటోలు దొరికాయి, నలుగురు వేరువేరు మనుషులు తీసినవి. నాలుగింట్లోనూ ఒళ్ళంతా నీలం, ముక్కు బూడిదరంగు.

మిల్ఫర్డ్ కళ్ళజోడు సవరించుకుని నాలుగూ చూశాడు. మళ్ళీ మొదటిదానికి వచ్చాడు. చాలాసేపు చూశాడు. గదిలో నవ్వులు అవే తగ్గిపోయాయి.

"అయితే పొరపాటు నాదేలే," అని ఆల్బం మూసి ఎల్రాయ్ చేతికిచ్చాడు. రెండు చేతులతో ఇచ్చాడు, జాగ్రత్తగా, పరాయివాళ్ళ వస్తువు ఇచ్చినట్టు.

*

మరుసటి ఆదివారం చర్చిలో పెద్దల బైబిలు తరగతిలో మిల్ఫర్డ్ కుర్చీ ఖాళీగా ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ తరగతి చెప్పేది ఆయనే. పై ఆదివారమూ రాలేదు. ఆరాధన అయ్యాక కోట్లు తగిలించే చోట మిల్ఫర్డ్ కూతురు లావాన్ ఎల్రాయ్‌ని పక్కకి పిలిచింది.

"బాబాయ్, నాన్న కారు తాళాలు నా చేతిలో పెట్టేశాడు."

"ఎందుకమ్మా? ఎక్కడైనా గుద్దాడా?"

"లేదు. ఆయనంతట ఆయనే ఇచ్చాడు. 'నా తల మీద నాకు నమ్మకం పోయిందే, ఎవరి పిల్లనైనా తొక్కించేస్తాను' అన్నాడు. తరగతి కూడా మానేశాడు. ఆటో పెదనాన్న సంగతి నీకు తెలుసుగా?"

ఎల్రాయ్‌కి తెలుసు. మిల్ఫర్డ్ వాళ్ళ అన్న ఆటో ఆఖరి అయిదేళ్ళూ భార్యని ఎవరమ్మా నువ్వు అని అడుగుతూ పోయాడు. అది కూడా చిన్న చిన్న వాటితోనే మొదలైంది. ట్రాక్టరు రంగు, పొరుగువాడి పేరు.

"మే నెల్లో విచిటాలో డాక్టరుకి చూపిస్తున్నాను," అంది లావాన్. "అసలు ఏం జరిగింది బాబాయ్ ఆ రోజు? ఏదో ఇంజను అంటాడు, తరవాత గోడకేసి చూస్తూ కూర్చుంటాడు."

ఎల్రాయ్ చెప్పాడు. చెబుతున్నంతసేపూ తలెత్తలేదు.

ఇంటికొచ్చి ఆ ఇంజనుని పెట్టెలో పెట్టేశాడు. పొద్దుట ప్రార్థనలో మిల్ఫర్డ్ పేరు చెప్పడం మొదలుపెట్టాడు. మూడు రోజులు సరిగానే సాగింది. నాలుగో రోజు తను అడుగుతున్నదేమిటో తనకే వినబడింది: ప్రభువా, ఆ ఇంజను ఎర్రగా ఉండేట్టు చూడు. ముప్ఫై ఏళ్ళ కింద తిరిగిన ఇంజను. అప్పుడు ఏ రంగో ఇప్పటికీ ఆ రంగే. దాని గురించి దేవుణ్ణి ఇప్పుడు అడగొచ్చా? అడిగితే ఆయన ఏం చేస్తాడు, పాత కాలంలోకి బ్రష్షు పట్టుకుని వెళ్తాడా?  అయినా అడగడం మానలేదు.

ఇంకో ప్రశ్న అంతకంటే గట్టిగా గుచ్చుకుంది. దేవుణ్ణి కంటితో చూడకుండానే చిన్నప్పట్నుంచీ నమ్ముతున్నాడు. యాభై ఏళ్ళుగా ఎరిగిన మనిషి, ఒక్క అబద్ధం ఆడి ఎరగని మనిషి, నా కిటికీ కింద ఎరుపు అంటే మాత్రం ఫోటోలు తెచ్చి మొహాన పెట్టాడు.

సరే, ఫోటోలతో జరిగింది ఫోటోలతోనే తేలాలి అనుకున్నాడు. విచిటాలో పాత స్లైడ్లు దాచుకున్న ఒకాయనకి ఉత్తరం రాశాడు. నెబ్రాస్కాలో ఇంకొకాయనకి రాశాడు. డ్వేన్ చేత ఇంటర్నెట్‌లో అద్దె ఇంజన్ల పిచ్చివాళ్ళున్న చోటల్లా అడిగించాడు. డ్వేన్ ఈసారి వేళాకోళం ఆడలేదు.

"నేనన్న ముక్కకి ఆయన అలా అయిపోయాడా బాబాయ్?" అన్నాడు మొహం చిన్నబుచ్చుకుని.

"నీ ముక్కకి కాదురా. నా ఆల్బానికి."

మూడు వారాల్లో మరో మూడు ఫోటోలు వచ్చాయి. మూడూ నీలం. పాత ఫిలిం రంగు మారుతుందేమో అని కూడా వాకబు చేశాడు. మారుతుందిట, కానీ ఎరుపు నీలం అయ్యేటంత కాదుట. నాలుగున్న సాక్ష్యం ఏడయింది.  మిల్ఫర్డ్‌ని నిర్దోషిగా నిలబెడదామని బయల్దేరి, ఇంకా గట్టిగా కట్టేస్తున్నట్టుంది తన పని.

*

ఏప్రిల్ నెలలో హచిన్సన్‌లో మెన్నొనైట్ క్రైస్తవ సంఘాలన్నీ కలిసి కరువు ప్రాంతాలకి డబ్బు పోగుచెయ్యడానికి వేలం పెడతాయి. ఎల్రాయ్ భార్య అడీనా ఏటా దానికి ఒక అతుకుల బొంత కుట్టి ఇస్తుంది. ఈసారి పెరట్లో తీగ మీద దాన్ని ఆరేసి, జాబితాలో వెయ్యడానికి ఫోటో తియ్యమని మొగుణ్ణి పిలిచింది. అతను పరధ్యానంగా వచ్చి, తలుపు దగ్గర ఎక్కడ నిలబడ్డాడో అక్కణ్ణుంచే కెమెరా ఎత్తాడు.

"ఏమయ్యా, బుర్ర ఎక్కడ పెట్టొచ్చావు? ఎండకి ఎదురుగా తీస్తే నల్లగా పడదూ? వీపుకి ఎండ తగిలేట్టు నిలబడు. ఇటు రా, ఇటు!"

"ఇక్కణ్ణుంచి వెనకవైపేగా కనబడుతోంది. తెల్లగా బాగానే ఉంది."

"అది అస్తరు. అస్తరు ఫోటో ఎవరు తీస్తారయ్యా? మూణ్ణెల్లు కళ్ళు పోయేట్టు కుట్టింది ఇటువైపు."

ఎల్రాయ్ రెండడుగులు వేసి ఆగిపోయాడు. బొంతకి అటువైపు నీలం నక్షత్రాలు, ఇటువైపు తెల్లగుడ్డ. ఒకటే బొంత. ఎండ ఎటుందో అటే ఫోటో.

"అడీనా," అన్నాడు, "ఎవరూ తియ్యరు కదూ?"

"ఏమిటి తియ్యరు?"

అతను అప్పటికే ఇంట్లోకి పరిగెత్తాడు. కెమెరా గడ్డిలో ఉంది.

ఏడు ఫోటోలూ వంటింటి బల్ల మీద వరసగా పేర్చాడు. ఇన్నాళ్ళూ ఇంజనునే చూశాడు, నేలని చూడలేదు. ఇప్పుడు నేలని చూశాడు. ఏడింట్లోనూ ఇంజను నీడ ఇంజనుకి అవతలే పడింది. రైళ్ళ ఫోటోలు తీసే ప్రతివాడూ చేసే పనే అది, ఎండ వీపున పెట్టుకుని నిలబడడం. 414 తిరిగిన లైను తూర్పు పడమరలుగా పోతుంది, కాన్సస్‌లో పగటి ఎండ దక్షిణం నుంచే పడుతుంది. కాబట్టి ఏడుగురూ పట్టాలకి దక్షిణం వైపే నిలబడ్డారు. ఉత్తరం వైపు నీడ, అటు ఎవడూ పోలేదు. లైను చివరి ఊరు గ్రూన్‌తాల్‌లో ఇంజను తిప్పే వీలు లేదు. ముక్కు ముందుకు పెట్టి పడమటికి పోవడం, తోక ముందుకు పెట్టి వెనక్కి రావడం. అంటే ఆ పదకొండు వారాలూ ఇంజనుకి ఒకే పక్క ఎండలో ఉంది, ఒకే పక్క నీడలో ఉంది. డ్రైవరు కూర్చునేది కుడిపక్క. పడమటికి తిరిగిన ఇంజనుకి కుడిపక్కంటే ఉత్తరం.

నా కిటికీ కింద ఎరుపు, అన్నాడాయన. ఇంజను ఎరుపు అని కాదు.

అడీనా కెమెరా తుడుచుకుంటూ లోపలికొచ్చింది. మొగుడి మొహం చూసి తిట్టబోయి ఆపుకుంది.

"ఏడుగురు చెప్పారనుకున్నాను," అన్నాడు ఎల్రాయ్. "ఏడుగురూ ఒకే చోట నిలబడి చెప్పారు."

అయినా అది ఊహే. ఊహ పట్టుకుని వెళ్తే మిల్ఫర్డ్ జాలిపడి చెబుతున్నావనుకుంటాడు. నీడవైపు నిలబడి ఫోటో తీసినవాళ్ళు కావాలి. రైళ్ళంటే ఇష్టమున్న వాళ్ళెవరూ అలా తియ్యరు. అయితే రైళ్ళంటే ఏమీ పట్టనివాళ్ళని అడగాలి.

గ్రూన్‌తాల్‌లో పట్టాలకి ఉత్తరం వైపున్నది గోధుమ గాదె ఒక్కటే. దాని తూకం గదిలో ఆ రోజుల్లో పనిచేసింది ఫ్రీడా గోరింగ్. ఎల్రాయ్‌కి చిన్నప్పుడు ఆదివారం బడిలో పాఠాలు చెప్పిన మనిషి.

*

"కూర్చోరా. ముందు తిను," అంది ఫ్రీడా. ఎనభై ఏడేళ్ళు. నడక తగ్గింది కానీ గొంతు తగ్గలేదు.

"పిన్నీ, నేను ఫోటోల కోసం..."

"ఫోటోలకి కాళ్ళున్నాయా పారిపోవడానికి? వెరెనికె వేడిగా ఉన్నాయి." జున్ను కూరిన ఆ ముద్దల మీద తెల్లటి గ్రేవీ పోసి ముందు పెట్టింది. ఎల్రాయ్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని తిన్నాడు. మూడు తిన్నాక నాలుగోది వద్దన్నాడు. ఆమె వినకుండా వేసింది.

ఆ తరవాత అట్టపెట్టె తీసింది. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, పందులు, వరద. డెబ్భై ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి ఎల్రాయ్ చేతులు తుడుచుకున్నాడు.

"ఇదుగో, మా జోనాస్ కొత్త ట్రక్కు కొన్న ఏడు. మొదటి లోడు తెచ్చాడు. తూకం గది మెట్టు మీంచి నేనే తీశా. ఎండలోకొచ్చి తియ్యవే అని అరుస్తూనే ఉన్నాడు. నూట రెండు డిగ్రీల్లో నేనెందుకు వస్తాను? నీడలోంచే నొక్కేశా. మొహం బొగ్గులా పడిందని పోయేదాకా దెప్పాడు నన్ను."

నిజంగానే జోనాస్ మొహం కనబడ్డం లేదు. టోపీ కింద ఒక నల్లటి ముద్ద. పక్కన ట్రక్కు. ట్రక్కు వెనకాల, పట్టాల మీద, సగం అడ్డుపడి, ఒక ఇంజను.

ఎల్రాయ్ జేబులోంచి భూతద్దం తీశాడు.  కిటికీ కింద రంగు నీడలో మసకబారి ఉంది, అయినా దాన్ని ఇంకేమీ అనడానికి లేదు. ఎరుపు. ఇటుక మీద దుమ్ము. నంబర్లో మొదటి అంకె ట్రక్కు చాటున పోయింది, 14 మాత్రం కనిపిస్తోంది. ఇంకేదైనా పద్నాలుగేమో? ముక్కు చూశాడు. బూడిదరంగు. ముక్కుకి ముందు అడ్డంగా ఉండే చేతికమ్మీ లోపలికి వంగి ఉంది, ఏ పక్క నుంచి చూసినా కనబడేట్టు. ఆ వంపు అతనికి బాగా తెలుసు. ఏడు ఫోటోల్లోనూ ఉంది. సన్న తీగని వంచి అచ్చం అలాగే చెయ్యడానికి అతనికి రెండు రోజులు పట్టింది.

అప్పుడు ఆ బూడిదరంగు ముక్కు సంగతి కూడా అర్థమైంది. అది రంగు కాదు, రంగు వేసే ముందు పూసే ప్రైమరు. నీలం పూయడం ఒక పక్క నుంచి మొదలుపెట్టారు. ముక్కు దాకా వచ్చేసరికి కోతలు మీద పడ్డాయి. ఉన్నదున్నట్టు పంపేశారు. సగం పనిని సొగసనుకుని, ఎంత జాగ్రత్తగా పూశాడు తను!

"ఏమిట్రా, ఏడుస్తున్నావా?" అంది ఫ్రీడా. "జోనాస్ నీకంత ఇష్టమని నాకు తెలియదే."

"ఇష్టమే పిన్నీ," అని కళ్ళు తుడుచుకుని నవ్వాడు. "ఈ ఫోటో ఒక్కరోజు ఇస్తావా?"

"రెండ్రోజులుంచుకో. ఇంతకాలం తరవాత దాన్ని మెచ్చుకున్నవాడివి నువ్వొక్కడివే."

*

మిల్ఫర్డ్ ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. గడ్డం రెండు రోజులది. లావాన్ కాఫీ తెచ్చి పెట్టి తలుపు దగ్గరే నిలబడింది.

"ఇంజన్ల సంగతైతే వద్దోయ్," అన్నాడు మిల్ఫర్డ్. "నీ తప్పేం లేదని ఆ రోజే చెప్పాను కదా."

"నా తప్పే ఉందన్నా. నేను ఒక పక్కే చేశాను. రెండో పక్కకి కూడా అదే రంగు వేసేశాను."

ఫోటో ఆయన ఒళ్ళో పెట్టి భూతద్దం చేతికిచ్చాడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

మిల్ఫర్డ్ చూశాడు. భూతద్దం దూరం జరిపి, దగ్గరికి తెచ్చి చూశాడు.

"గ్రూన్‌తాల్ గాదె," అన్నాడు మెల్లగా. "ఈ టోపీ జోనాస్ గోరింగ్‌ది." ఇంకాసేపటికి, "ఇది నా కిటికీ."

"కింద ఏం రంగన్నా?"

ఆయన కూతురికేసి చూశాడు. "లావాన్, నువ్వు రా. నువ్వు చెప్పు. నాకు చెప్పకు, అతనికి చెప్పు."

ఆమె వంగి చూసింది. "ఎరుపు నాన్నా. మన పాత కొట్టంలాగా."

మిల్ఫర్డ్ వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి పొడుగ్గా వదిలాడు, బండి ఆగాక బ్రేకుల్లోంచి గాలి వదిలినట్టు.  తరవాత ఆయన కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"మీకెవరికీ చెప్పలేదు," అన్నాడు. "ఆ ఇంజను వచ్చిన మొదటి రోజు, ముందు నుంచి ఎడం పక్కకి దాటుతూ కమ్మీ పట్టుకున్నా. చేతి తొడుగంతా నీలం అంటుకుంది. తడి రంగు. మీ అమ్మ ఎంత ఉతికినా పోలేదు. ఆ రోజు నుంచీ, మీ ఫోటోలు చూసిన రోజు నుంచీ, అదే తిరుగుతోంది తలలో. ఇంజను ఎరుపైతే తొడుగుకి నీలం ఎలా వచ్చింది? రెండూ గుర్తున్నాయి. రెండూ నిజం కావు కదా. అయితే రెండింట్లో ఒకటి నేను అల్లుకున్నానన్నమాట. ఒకటి అల్లుకున్నవాడు ఇంకెన్ని అల్లుకున్నాడో? మీ అమ్మ గురించి గుర్తున్నవో? అవి కూడానా?"

లావాన్ ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"రెండూ నిజమే నాన్నా."

"రెండూ నిజమే," అన్నాడాయన. ఆ మాట తనే పలికి తనే విన్నట్టు, ఇంకోసారి అన్నాడు.

"ఆ నీలం పక్క మీరెప్పుడూ చూడలేదా అన్నా?" అని అడిగాడు ఎల్రాయ్. అడిగాక అడక్కుండా ఉండాల్సిందేమో అనిపించింది.

"చూసే ఉంటానోయ్. అటుపక్క బ్రేకుమనిషిది. నా ఇంజనంటే నేను ఎక్కే పక్కే. పెళ్ళాం మొహం గుర్తుంటుంది కానీ వీపు ఎవడికి గుర్తుంటుంది?"

"నాన్నా!" అంది లావాన్.

"పెద్దవాణ్ణి, నన్నేం అనకు," అని పకపకా నవ్వాడు మిల్ఫర్డ్. ఆ నవ్వు విని నెల దాటింది. ఎల్రాయ్ కూడా నవ్వాడు. నవ్వుతుంటే, భుజాల మీంచి ఎవరో బస్తా దించినట్టు వీపు దానంతటదే నిటారయింది.

"నన్ను క్షమించండన్నా," అన్నాడు. "మీరు చెప్పినప్పుడే ఆగి అడిగుండాల్సింది."

"అడిగితే నేను మాత్రం ఏం చెప్పేవాణ్ణి? ఎరుపు, ఎరుపు అని అరిచేవాణ్ణి. నువ్వు నీలం, నీలం అని అరిచేవాడివి. ఇద్దరం నిజమే చెబుతూ కొట్టుకునేవాళ్ళం." ఫోటో మళ్ళీ ఎత్తి చూశాడు. "చర్చిల్లో సగం గొడవలు ఇలాగే వచ్చుంటాయి."

"విచిటా డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్దాం," అంది లావాన్, గట్టిగానే. "ఎనభై రెండేళ్ళు నీకు."

"వెళ్దాం. ఎందుకు వెళ్ళం? ఆయనకి ఈ ఇంజను కథ మొత్తం చెబుతాను. ఆయనకి గుర్తుంటుందో లేదో చూద్దాం."

ఆమె వంటింట్లోకి వెళ్ళి తాళాలు తెచ్చి బల్ల మీద, కాఫీ కప్పు పక్కన పెట్టింది.  ఆయన వాటిని వెంటనే అందుకోలేదు. కాఫీ తాగాడు. గడ్డం తడుముకున్నాడు. గీసుకుని వస్తానుండు, అని లోపలికెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం ఎల్రాయ్ పని గదిలో బల్ల ముందు ఇద్దరూ కూర్చున్నారు. ఇంజను మధ్యలో ఉంది. ఎడంపక్క మొత్తం ఎల్రాయ్ కాగితంతో కప్పి టేపు అంటించాడు. మూడు సీసాల్లో ఎరుపు కలిపాడు. మూడిటినీ మిల్ఫర్డ్ కాదన్నాడు. మరీ మెరుస్తోందన్నాడు, మరీ కొత్తగా ఉందన్నాడు, ఇది మంటలార్పే బండి రంగన్నాడు. నాలుగో దాంట్లో ఎల్రాయ్ చిటికెడు గోధుమరంగు వేశాడు. మిల్ఫర్డ్ తల పక్కకి వంచి చూశాడు.

"ఆఁ. అదీ. ఇప్పుడు కిటికీ కింద నేను మోచెయ్యి ఆనించే చోట కాస్త అరగదియ్యి. పదకొండు వారాలు ఆనించాను అక్కడ."

ఫ్రీడా ఫోటోలో ఆ చోటుకి ట్రక్కు అద్దం అడ్డొచ్చింది. ఎల్రాయ్ సన్న బ్రష్షు తీసుకుని, "ఇక్కడా? ఇంకా వెనక్కా?" అని అడిగాడు.

"కొంచెం వెనక్కి," అన్నాడు మిల్ఫర్డ్. అక్కడే అరగదీశాడు ఎల్రాయ్.